కుదువకు రాని నగ

1998 ఎండాకాలం. హుజూరాబాద్‌లో బంగారం మీద అప్పులిచ్చే ఒక సేటు దుకాణంలో అమ్మ పక్కన నిల్చున్నాను. నాకప్పుడు ఎనిమిదేళ్లు. అంతకు ముందరి కాలం పత్తికి లద్దెపురుగు, పచ్చపురుగు కలిసి పట్టినయి. వరంగల్ జిల్లాలో మందు డబ్బాలు పొలంలో పోయాల్సినవాళ్లు తామే తాగిన సంవత్సరం అది. మా వైపు కూడా పత్తి అట్లనే పోయింది. బాపు ఇంట్ల కూచున్నడు. అమ్మ చేతిసంచి పట్టుకుని బజారుకు బయల్దేరింది.

సేటు తెల్లగుడ్డ పరిచి, అమ్మ ఇచ్చినవన్నీ దాని మీద పోశాడు. పుస్తెలతాడు కాక మిగిలిన గొలుసు, కమ్మలు, నా పుట్టువెంట్రుకలప్పుడు పెట్టిన చిన్న ఉంగరం, వీటన్నిటితో పాటు ఒక ముత్యాల దండ. బంగారాన్ని రాయి మీద గీశాడు, తూకం వేశాడు, కమ్మల్లో ఎర్రరాళ్ల బరువు తీసేసి లెక్క రాశాడు. ముత్యాల దండను మాత్రం వేలితో పక్కకు జరిపాడు.

"ఇది తీస్కపో అమ్మా. ముత్యాలకు మేం పైసలియ్యం."

"బస్రా ముత్యాలు సేటూ, పట్నంల కొన్నయి," అంది అమ్మ.

"ఏ ముత్యాలైనా అంతే. రేటు ఉండదు."

అమ్మ ఆ దండను కొంగుకు ముడేసుకుంది. బంగారం మళ్లీ ఇంటికి రాలేదు. వడ్డీ అసలును దాటింది. దండ మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. ఆ తర్వాత మా ఇంట్లో పెండ్లి, పేరంటం ఏది జరిగినా అమ్మ మెడలో పుస్తెలతాడు పక్కన కనిపించిన నగ అదొక్కటే.

ఎవరూ అప్పివ్వని వస్తువును, అమ్మితే సగం కూడా రాని వస్తువును ఇంతమంది ఆడవాళ్లు ఇన్ని తరాలుగా ఎందుకు ఇష్టపడుతున్నారు? ఫ్యాషన్ పత్రికలు దీనికి "కాలాతీతం" అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటాయి. నాకా మాట మీద నమ్మకం లేదు. ముత్యానికి కాలం ఉంది, ధర ఉంది, దాని వెనక అప్పులున్నాయి. ఆ ధర ఒకసారి కుప్పకూలింది కూడా.

*

సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, వడ్లూ పత్తీ పండే ఊళ్లలో ముత్యం చూసినవాళ్లు తక్కువ. మాటల్లో మాత్రం అది ఎప్పటినుంచో ఉంది. మంచి పిల్లను ఆణిముత్యమంటాం. దస్తూరీ బాగుంటే ముత్యాల్లా ఉందంటాం. గురజాడ 1910లో తెలుగు కవిత్వానికి కొత్త నడక నేర్పుతూ ఆ ఛందస్సుకు పెట్టుకున్న పేరు ముత్యాల సరాలు. సంస్కృతంలోని 'ముక్తా' కూడా ద్రావిడ భాషల 'ముత్తు' నుంచే వెళ్లిందని కొందరు భాషావేత్తల వాదన. పాండ్య తీరంలో ముత్యాలు తీసినవాళ్ల మాటే కొన్నవాళ్ల భాషలోకి పోయిందంటే ఆశ్చర్యమేమీ లేదు.

తెలంగాణ ఊళ్లలో ముత్యం ముందుగా దేవత. ఊరి పొలిమేరలో ముత్యాలమ్మ ఉంటుంది. మశూచి పొక్కులను రోగమనకుండా, అమ్మవారు ఒంటి మీద పోసిన ముత్యాలనుకున్నారు. భయపడే దాన్ని కోపం రాకుండా పిలవడానికి ఎంచుకున్న మాట అది. పిల్లల ఒంటి నిండా లేచిన నీటి పొక్కులను చూసి ముత్యాలు గుర్తొచ్చాయంటే, అసలు ముత్యం కొనలేనివాళ్లకు కూడా అది ఎట్లా ఉంటుందో తెలుసన్నమాట.

ఇక శ్రీరామనవమి. భద్రాచలంలో రాముని కల్యాణానికి ప్రభుత్వం పట్టువస్త్రాలతో పాటు ముత్యాల తలంబ్రాలు పంపుతుంది. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా కాలంలో ఇది మొదలైందని, నిజాములు కూడా కొనసాగించారని చెప్పుకుంటారు. మా వైపు అపర భద్రాద్రి అనే ఇల్లందకుంటకు పోయి వచ్చినప్పుడల్లా అమ్మ తలంబ్రాల పొట్లం తెచ్చి దేవుని అర్రలో పెట్టేది. పసుపు బియ్యంలో ముత్యమేమైనా దొరుకుతుందా అని నేను వెతికేదాన్ని. ఎన్నడూ దొరకలేదు.

ఇంతకీ ముత్యానికి ఈ మర్యాద ఎట్లా వచ్చింది? వజ్రం గనిలోంచి తీసినప్పుడు గులకరాయిలాగే ఉంటుంది. దానికి సాన కావాలి. బంగారాన్ని కరిగించాలి. ముత్యం మాత్రం చిప్ప తెరిచిన క్షణానే పూర్తయిన నగ. దాన్ని చెక్కే పనే లేదు. పనిముట్లు పెద్దగా లేని కాలంలో మనిషి చేతికి అందిన, అప్పటికే తయారైన అందం అది. పాత ప్రపంచమంతా దానికి పడిపోవడానికి ఇది ఒక కారణం. రెండోది, అది దొరికేది అదృష్టం మీద. వందల చిప్పలు తెరిస్తే ఒక మంచి ముత్యం. ఒక దండకు సరిపడా ఒకే రంగు, ఒకే గుండ్రం, ఒకే మెరుపు ఉన్నవి జత చేయడానికి ఏళ్లు పట్టేది. కాబట్టి ముత్యాల హారం చూపించేది డబ్బుతో పాటు ఓపికను, ఎదురుచూసే స్తోమతను.

కౌటిల్యుని అర్థశాస్త్రం చూడండి. కోశాగారంలోకి వచ్చే రత్నాల గురించి చెబుతూ ముత్యాల హారాలను పేటల లెక్కన పేర్లు పెట్టి వరుసగా చెబుతుంది. 1008 పేటలైతే ఇంద్రచ్ఛందం, అందులో సగమైతే విజయచ్ఛందం, నూరైతే దేవచ్ఛందం, ముప్పై రెండైతే గుచ్ఛం, ఇరవై ఏడైతే నక్షత్రమాల. వెయ్యిన్నెనిమిది పేటలు ఏ మనిషి మెడా మోయలేదు. దాని పేరులో ఇంద్రుడున్నది అందుకేనేమో. ఎవరి మెడలో ఎన్ని పేటలుండాలో అనే లెక్క మాత్రం అప్పటికే మొదలైంది.

మన వైపు సాక్ష్యం కాకతీయులది. గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం ప్రసిద్ధం. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును ఇకముందు రాజులు గుంజుకోరని, సుంకం మాత్రమే తీసుకుంటారని అందులో వ్యాపారులకు మాట ఇచ్చాడు. సుంకాల పట్టికలో గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, పగడాలతో పాటు ముత్యాలూ ఉన్నాయి. ఓరుగల్లు నుంచి హుజూరాబాద్ ఎంత దూరం? బస్సులో గంట. సముద్రం చూడని ఈ నేల మీదుగా ముత్యాలు ఏడెనిమిది వందల ఏళ్ల కిందటే సుంకం కట్టి నడిచాయి.

1652లో ఫ్రెంచి వ్యాపారి తవెర్నియే గోల్కొండ సుల్తానుకు అమ్ముదామని పెద్ద పెద్ద ముత్యాలు పట్టుకుని వచ్చాడు. నేరుగా గోల్కొండకు పోలేదు, ముందు గండికోటకు పోయాడు. అక్కడ విడిది చేసి ఉన్న మీర్ జుమ్లాకు చూపించకుండా సుల్తాను ఏదీ కొనడు కాబట్టి. వజ్రాల గనులున్న రాజ్యానికి బయటినుంచి ముత్యాలు మోసుకొచ్చారు! గోల్కొండ వజ్రాలు ప్రపంచానికి పోయేవి, ప్రపంచపు ముత్యాలు గోల్కొండకు వచ్చేవి. హైదరాబాద్ ముత్యాల నగరం కావడానికి పునాది ఈ ఎదురు బేరంలోనే ఉంది.

*

అమ్మ "బస్రా ముత్యాలు" అన్నది కదా. బస్రాలో ముత్యాలు పుట్టవు. అవి పుట్టేది పర్షియన్ గల్ఫ్ నీళ్లలో, ముఖ్యంగా బహ్రెయిన్ చుట్టూ ఉన్న చిప్పల దిబ్బల్లో. ఇరాక్‌లోని బస్రా వాటిని అమ్మిన రేవు. ముత్యానికి పుట్టిన ఊరి పేరు రాదు, అమ్ముడుపోయిన ఊరి పేరు వస్తుంది. "హైదరాబాద్ ముత్యాలు" అనే మాట కూడా అట్లాంటిదే.

గల్ఫ్‌లో ముత్యాల వేట ఎండాకాలం పని. నెలల తరబడి పడవల మీదే బతుకు. దూకేవాడు ముక్కుకు బిళ్ళ బిగించుకుని, కాలికి రాయి కట్టిన తాడు పట్టుకుని అడుక్కి పోతాడు. ఊపిరి ఆగేదాకా చేతికందిన చిప్పలు బుట్టలో వేసి తాడు లాగుతాడు. పైనున్నవాడు గుంజుతాడు. రోజుకు పదుల సార్లు ఇదే. చెవులు, కండ్లు, ఊపిరితిత్తులు పాడయ్యేవి. తెరిచిన చిప్పల్లో ఎక్కువ భాగం ఖాళీ.

ఇంత కష్టపడినవాడికి మిగిలేది అప్పు. సీజన్ మొదలుకాకముందే పడవ యజమాని దగ్గర ఇంటి ఖర్చుకు అడ్వాన్సు తీసుకునేవాడు. సీజనయ్యాక లెక్క చూస్తే ముత్యాల్లో తన వాటా ఆ అప్పుకు సరిపోయేది కాదు. మిగిలిన బాకీ వచ్చే సంవత్సరానికి. బాకీ ఉన్నవాడు వేరే పడవ ఎక్కడానికి లేదు. తండ్రి చనిపోతే ఆ అప్పు కొడుకు నెత్తిన పడేది. బహ్రెయిన్‌లో 1920లలో దీన్ని సరిదిద్దే చట్టాలు తెస్తే పడవ యజమానులు, వ్యాపారులు గట్టిగా అడ్డుపడ్డారు.

ఆ ముత్యాలు బొంబాయికి చేరేవి. అక్కడి వ్యాపారుల చేతుల్లో విడదీసి, తూచి, జతచేసి యూరప్‌కూ సంస్థానాలకూ పంపేవారు. ముత్యం ధర కట్టే పద్ధతి విచిత్రంగా ఉండేది. బరువు రెండింతలైతే ధర నాలుగింతలు. గురిగింజంత తేడాకు ఊరంత తేడా వచ్చేది. అట్లా కొనగలిగిన పెద్ద చేతుల్లో ఒకటి హైదరాబాద్ నిజాముది.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌ను 1937 ఫిబ్రవరిలో టైమ్ పత్రిక ముఖచిత్రంగా వేసి ప్రపంచంలోకెల్లా ధనవంతుడంది. ఆయన ముత్యాలు పరిస్తే ఈతకొలను నిండుతుందని పట్నంలో కథలు కథలుగా చెప్పుకునేవారు. కథలు పక్కన పెడదాం. లెక్కకు దొరికిన నగల్లోనే ఏడు పేటల బస్రా ముత్యాల 'సత్‌లడా' ఉంది. సత్ అంటే ఏడు, లడీ అంటే పేట. పేట పేటకూ ముత్యం సైజు తూకం తప్పకుండా జత కుదిర్చిన పని. ఆ ఫొటో చూస్తే ఎవరికైనా అందంగానే ఉంటుంది. నాకూ ఉంది.

అయితే అదే 1930లలో మా వైపు ఊళ్లలో సంగతేమిటి? నా ఊరి పేరులోనే 'హుజూర్' ఉంది. దొర ముందు నిలబడి అనే మాట. నిజాం రాజ్యంలోని తెలంగాణ పల్లెల్లో భగేలా పద్ధతి నడిచింది. పెండ్లికో చావుకో దొర దగ్గర కొంత తీసుకున్నవాడు అది తీరేదాకా ఆయన పొలంలో, ఇంట్లో చాకిరీ చేయాలి. వడ్డీ లెక్క దొరదే కాబట్టి అది తీరేది కాదు. తండ్రి బాకీకి కొడుకు జీతముండేవాడు. నిజాం ప్రభుత్వమే 1936లో భగేలా ఒప్పందాల మీద ఒక చట్టం తేవాల్సి వచ్చింది. అది ఎక్కువగా కాగితం మీదే ఉండిపోయింది. ఊళ్లలో దాన్ని అమలు చేయాల్సినవాళ్లు దొరలకు కావాల్సినవాళ్లే.

బహ్రెయిన్ సముద్రంలో దూకినవాడూ, కరీంనగర్ పొలంలో నాగలి పట్టినవాడూ ఒకరి ముఖం ఒకరు చూడలేదు. ఇద్దరి మెడలకూ ఒకే రకం తాడు. పొలంలో శిస్తుగా పుట్టిన డబ్బు, సముద్రంలో అప్పుగా పుట్టిన ముత్యం ఒక్కచోట కలిస్తే ఏర్పడ్డది ఆ ఏడు పేటల హారం. ముత్యాల చరిత్ర రాసేవాళ్లు రాణుల పేర్లతో మొదలుపెడతారు. నేనైతే ఈ రెండు అప్పు పుస్తకాలతో మొదలుపెడతాను.

*

ముత్యం రాజ్యం ఎంత ఎత్తుకు పోయిందో చెప్పడానికి ఒక్క బేరం చాలు. 1917లో న్యూయార్క్‌లో పియర్ కార్టియే తన దుకాణానికి ఫిఫ్త్ అవెన్యూలో ఒక భవనం కొన్నాడు. దానికి ఇచ్చింది రెండు పేటల ముత్యాల హారం, పైన నూరు డాలర్లు. హారం ధర పది లక్షల డాలర్లని లెక్క కట్టారు. ఆ ఇంటి యజమాని భార్యకు ఆ హారం మీద మనసుపడింది. ఆమె చనిపోయాక 1957లో అదే హారాన్ని వేలం వేస్తే వచ్చింది లక్షా యాభై ఒక్క వేలు. ఆ భవనంలో కార్టియే దుకాణం ఇప్పటికీ నడుస్తోంది.

మధ్యలో ఏం జరిగింది? జపాన్‌లో నూడుల్స్ అమ్మే ఇంట్లో పుట్టిన మికిమొతో కొకిచి 1893లో చిప్పలో మనిషి చేత్తో బీజం పెట్టి సగం గుండ్రటి ముత్యం పండించాడు. ఆ తర్వాత నిషికవా, మిసె అనే మరో ఇద్దరి పద్ధతులు కలిసి పూర్తి గుండ్రటి ముత్యం సాధ్యమైంది. 1920లలో ఇవి లండన్, పారిస్ మార్కెట్లకు చేరగానే గగ్గోలు పుట్టింది. నకిలీవన్నారు, కోర్టులకెక్కారు. చిక్కేమిటంటే అవి నకిలీవి కావు. అదే చిప్ప, అదే పొర, అదే మెరుపు. ఎక్స్‌రే తీసి లోపలి బీజాన్ని చూస్తే తప్ప తేడా తెలియదు. అదృష్టంగా దొరికేది ఇప్పుడు పంటగా పండింది. పంటైన దాని ధర ఏమవుతుందో పత్తి రైతు బిడ్డకు వేరే చెప్పనక్కరలేదు.

1929 ఆర్థిక మాంద్యం పైన పడింది. గల్ఫ్ పడవలు ఒక్కొక్కటే ఒడ్డున మిగిలిపోయాయి. 1932లో బహ్రెయిన్‌లో చమురు పడకపోతే ఆ దేశం ఏమయ్యేదో. ముత్యాల దిబ్బల మీది బతుకు ఒక తరంలో ముగిసిపోయింది. ముహర్రఖ్‌లోని పాత ముత్యాల వ్యాపారుల ఇళ్లు, రేవు, చిప్పల దిబ్బలు కలిపి 2012లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. ఏ పనైనా వారసత్వమైందంటే ఇక దానితో పూట గడవదనే.

ఇక్కడ సంస్థానాలూ పోయాయి. నిజాం నగలు దశాబ్దాలు కోర్టుల్లో, ట్రస్టుల్లో నలిగి, 1995లో 173 నగలను భారత ప్రభుత్వం 218 కోట్లకు కొన్నది. సత్‌లడా అందులోదే. సాలార్‌జంగ్ మ్యూజియంలో రెండుసార్లు ప్రదర్శనకు పెట్టారు. ఎక్కువ కాలం ఉండేది రిజర్వు బ్యాంకు ఖజానాలో.

*

మామూలుగా ధర పడిపోయిన వస్తువు మర్యాద కూడా పోగొట్టుకుంటుంది. అల్యూమినియం ఒకప్పుడు బంగారం కన్నా ఖరీదు. ఇప్పుడు సత్తు గిన్నె. ముత్యం విషయంలో అట్లా జరగలేదు. నా ఉద్దేశంలో ముత్యం ఫ్యాషన్ గురించి అడగాల్సిన అసలు ప్రశ్న ఇదే.

1920లలో కోకో షనెల్ గాజు ముత్యాల దండలు పేటల కొద్దీ మెడలో వేసుకుని, నిజమైన వాటితో కలిపేసి తిరిగింది. ఏవి అసలో ఏవి కావో చూసేవాళ్లకు తెలియనివ్వకపోవడమే ఆమె ఫ్యాషన్. జాక్వెలిన్ కెనడీ మూడు పేటల హారం కూడా నకిలీ ముత్యాలదే. ఆమె పోయాక 1996 వేలంలో అది రెండు లక్షల పదకొండు వేల డాలర్లు దాటింది. కార్టియే భవనం ధర పలికిన అసలు ముత్యాలకు 1957లో వచ్చినదాని కన్నా ఎక్కువ! రూపాయి విలువలు మారిన సంగతి నిజమే అయినా, ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే నవ్వొస్తుంది.

ఈ మధ్య మగపిల్లలు ముత్యాల దండ వేసుకుంటే ఇన్‌స్టాగ్రామ్‌లో అదో తిరుగుబాటులా రాస్తున్నారు. హ్యారీ స్టైల్స్ చెవికి ముత్యం పెట్టుకుని 2019 మెట్ గాలాకు పోతే వార్త అయింది. కుతుబ్‌షాహీల చిత్రాలు చూడండి, పటియాలా మహారాజా భూపిందర్ సింగ్ ఫొటో చూడండి. ముత్యాలతో మునిగిపోయింది మగవాళ్లే. ముత్యం ఆడవాళ్ల నగ అనే ఆలోచనే చాలావరకు నిన్న మొన్నటిది.

ధర పోయినా ముత్యం నిలబడింది. ఎందుకంటే దాని మెరుపు కండ్లలో గుచ్చదు. చామనఛాయ మెడ మీదా, ఆఫీసు చుడీదార్ మీదా, పట్టుచీర మీదా ఒదుగుతుంది. అంతకన్నా ముఖ్యంగా, రాజుల కాలం నుంచి తెచ్చుకున్న పరువును అది పారేసుకోలేదు, ఆ పరువుతోనే వెయ్యి రూపాయలకు దిగివచ్చింది. వజ్రం అట్లా రాలేదు, బంగారం అసలు రాదు. ఒక అంగన్‌వాడీ టీచర్ రాణీగారి నగ వేసుకోగలిగిందంటే అది ముత్యంతోనే.

ఆ దిగుడులో హైదరాబాద్‌ది పెద్ద చెయ్యి. నిజాం పోయాక కూడా ముత్యాల పని తెలిసిన చేతులు ఇక్కడ మిగిలాయి. 1908 మూసీ వరద తర్వాత ఊరిని మళ్లీ కట్టినప్పుడు రాతి కమాన్లతో లేచిన పత్తర్‌గట్టీలో ముత్యాల దుకాణాలు వరసగా ఉంటాయి. సముద్రం లేని ఊరు ముత్యాల నగరం ఎట్లా అయిందంటే ఈ పని వల్ల. వచ్చిన ముత్యాన్ని ఎక్కడ రంధ్రం చేస్తే మచ్చ కనిపించకుండా పోతుందో చూడాలి. తొలిచాక గాజు సీసాల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి ఎండలో పెట్టి తెల్లబరచాలి. జల్లెళ్లతో సైజులు వేరుచేయాలి. వెలుతురులో కూచుని రంగుకు రంగు కలపాలి. చివరికి పట్టుదారం మీద గుచ్చాలి. కూలి ముత్యం ధరతో పెరగదు. కండ్లు మాత్రం ముత్యంతో పాటే తరుగుతాయి.

ఇప్పుడా జల్లెళ్లలో పడేవి ఎక్కువగా చైనావి. అక్కడి ఝుజీ ప్రాంతపు చెరువుల్లో మంచినీటి ఆల్చిప్పలను చేపల్లాగే పెంచుతారు. సముద్రపు చిప్పకు బీజానికో ముత్యమైతే ఇక్కడ ఒక్క ఆల్చిప్పలో పదుల సంఖ్యలో పండుతాయి. కిలోల లెక్కన వస్తాయి. మన దేశం కూడా ప్రయత్నించకపోలేదు. 1973లో తూత్తుకుడిలోని కేంద్ర పరిశోధన సంస్థలో అళగర్‌స్వామి గుండ్రటి ముత్యం పండించారు. కానీ బజారును చైనా చెరువులు నింపినట్టు అది నింపలేకపోయింది.

*

మొన్న అమ్మ దండ దారం తెగింది. మళ్లీ గుచ్చించడానికి పాతబస్తీకి పట్టుకుపోయాను. ఒక గల్లీలో మెట్ల కింద కూచుని పని చేసుకుంటున్న పెద్దాయన ముత్యాలను అరచేతిలో పోసుకుని, ఒకదాన్ని పంటికి రాసి చూశాడు. గరుగ్గా తగిలింది కాబట్టి గాజుది కాదని తేల్చాడు.

"ఎన్నేళ్లయింది బేటా కొని?"

"1996ల కొన్నది మా అమ్మ. బస్రావి అని చెప్పిన్రట."

ఆయన నవ్వాడు. "బస్రావి కావు. చైనా మాల్. రైస్ పర్ల్ అంటరు. కానీ అసలు ముత్యమే. మంచిగ దాచుకున్నరు."

బియ్యపు గింజల్లా ఉండే ముత్యాలు. వడ్ల సీమ మెడకు సరిపోయాయి అనుకున్నాను. తొమ్మిది వందలకు బస్రా హారం వస్తుందని నమ్మిన అమ్మ మీద జాలి కూడా వేసింది. అమ్మినవాడి పేరు అమ్మకు గుర్తులేదు. ఉన్నా ఇప్పుడు చేసేదేమీ లేదు.

చెప్పాలా వద్దా అని రెండు వారాలు ఆగాను. ఆగడానికి ఇంకో కారణం ఉంది. ఆ 1998 తర్వాత మా చిన్నాయన ఏజెంటుకు అప్పు చేసి కట్టి బహ్రెయిన్ పోయాడు. కరీంనగర్ జిల్లాలో అట్లాంటి ఇల్లు లేని ఊరు లేదు. ఆ అప్పు తీరడానికే ఆయనకు రెండేళ్లు పట్టింది. అప్పటిదాకా పాస్‌పోర్టు తన చేతిలో లేదు, పని మారడానికీ లేదు. ఎండలో సెంట్రింగు పని. ఒకప్పుడు అడ్వాన్సు తీసుకుని సముద్రంలోకి దూకినవాళ్ల మనవలు ఇప్పుడు నీడపట్టున ఉన్నారు. భగేలా జీతమున్నవాళ్ల మనవలు అడ్వాన్సు కట్టి ఆ ఒడ్డుకే పోయి ఇటుకలు మోస్తున్నారు. ఒకప్పుడు ఆ దేశాల్లో చెల్లింది మన రూపాయే. 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం వేరే నోట్లు కూడా అచ్చేసింది. ఇప్పుడు అక్కడి దీనారు పంపితే ఇక్కడ ఇల్లు లేస్తుంది. చిన్నాయన బహ్రెయిన్‌లో ఏడేళ్లున్నాడు, ఒక్క ముత్యం చూడలేదు. తిరిగొచ్చేటప్పుడు తెచ్చింది రెండు కంబళ్లు, ఒక బంగారు బిళ్ళ.

"బస్రా" అనే మాట చుట్టూ ఇంత ఉందని అమ్మకు ఎట్లా చెప్పను? చివరికి ఆదివారం ఇంటికి పోయినప్పుడు, కొత్త దారంతో దండ చేతికిస్తూ ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఇవి చైనా చెరువులవి, బస్రావి కావు అని.

అమ్మ దండను అటూ ఇటూ తిప్పి చూసింది. మెడలో వేసుకుని అద్దం ముందుకు పోయింది.

"మరి ఆ బస్రావి ఎవల మెడల ఉన్నయే?"

"ఎవల మెడల లేవమ్మా. నిజాంవి రిజర్వు బ్యాంకుల ఉన్నయి. లాకర్ల."

"అగో," అంది అమ్మ, కొంగు సర్దుకుంటూ. "ఆయనయి గూడ బ్యాంకులనే పడ్డయా!"